మీసానికి జీతమిచ్చిన స్వరాజ్యం

మా ఇంటి బాత్రూం పడగొట్టి మళ్ళీ కట్టిన కాంట్రాక్టరు పేరు స్వరాజ్యం. ఈ సంగతి మా వారికి కొలతలు తీసిన రోజే తెలిసిపోయింది. గేటు దగ్గరి వాచ్‌మన్‌కి అంతకుముందే తెలుసు. సిమెంటు దుకాణం శేఠ్‌కైతే ఏళ్ళ తరబడి తెలుసు. తెలియనిది నాకొక్కదానికే. నేనెవరినంటే, శ్రమ చేసే ఆడవాళ్ళు ఎవరి కంటికీ ఆనరని సూరత్ అంతా తిరిగి ఉపన్యాసాలిచ్చే మనిషిని.

పగలు బ్యాంకులో ఆఫీసరుని. సాయంత్రాలూ ఆదివారాలూ విప్లవం. శ్రామిక మహిళల కోసం మాదొక వేదిక ఉంది, దానికి నేను కన్వీనర్ని. కండెలు చుట్టే ఆడవాళ్ళ గురించి, చీరలకు చమ్కీలు కుట్టే ఆడవాళ్ళ గురించి, ఇంట్లో కూర్చుని చేస్తారు కాబట్టి ఎవరూ పనే అనని పని గురించి కరపత్రాలు రాస్తాను. బాగానే రాస్తాను. "పని ఆమెది, పేరు అతనిది" అన్న వాక్యం నాదే. దానికి చప్పట్లు కూడా పడ్డాయి. అదే వాక్యం తలమీద తట్ట పెట్టుకుని మా ఇంట్లో తిరిగితే మాత్రం గుర్తుపట్టలేకపోయాను.

అసలు గొడవ కిందింటి నుంచి మొదలైంది. మా కింది ఫ్లాటు గురుమూర్తి గారిది. సెంట్రల్ ఎక్సైజులో సూపరింటెండెంటుగా రిటైరై, మిగిలిపోయిన అధికారాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక మా సొసైటీకి సెక్రటరీ అయ్యారు. ఒకరోజు పొద్దున్నే తలకు తువ్వాలు చుట్టుకుని పైకొచ్చి మా వారిని నిలదీశారు.

"వరప్రసాద్ గారూ, మీరు పైన స్నానం చేస్తే నేను కింద తడుస్తున్నానండీ. సబ్బు ఒక్కటే నాది."

మా సొసైటీ అమ్రోలీ పక్కన, రైల్వే వాళ్ళం, బ్యాంకుల వాళ్ళం, ఎక్సైజు వాళ్ళం కలిసి కట్టించుకున్నది. ఒకే బిల్డరు, ఒకే రకం పైపులు, అందరికీ ఒకేసారి ముసలితనం. మా వింగులో పైనుంచి కిందిదాకా కారని బాత్రూం లేదు. కమిటీ కూర్చుని ఒక తీర్మానం చేసింది. "ముందు కాత్యాయని గారి బాత్రూం చేయిద్దాం. అది నిలబడితే వింగు మొత్తం ఆ కాంట్రాక్టరుకే ఇద్దాం" అని.

ఆ మాట సిమెంటు దుకాణం దాకా వెళ్ళింది. అక్కణ్ణించి కోసాడ్ క్వార్టర్లలో ఉండే స్వరాజ్యం చెవిన పడింది. స్వరాజ్యం అప్పటికే బాత్రూంలు కడుతోంది, కానీ అన్నీ విడి విడి పనులు, అన్నీ ఒక మగవాడి పేరు ముందు పెట్టుకుని. ఒక పెద్ద పని, తన పేరు మీద రావాలి, ఇక ఎవరి వెనకా నడవకూడదు. ఇదీ ఆమె కోరిక. మా వింగు దొరికితే అది తీరుతుంది. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మీకు ముందే చెప్పేస్తున్నాను, నేను పడ్డ అవస్థ మీరు పడటం ఎందుకని.

ఆ మగవాడే ఓంప్రకాష్. ఆరడుగుల మనిషి, తెల్ల చొక్కా, జేబులో పెన్ను, పెదవుల మీద రెండు పక్కలా మెలితిరిగిన మీసం. మొదటిరోజు ఆయన మా గుమ్మంలో నిలబడితే నేనే రెండడుగులు వెనక్కి వేశాను. ఆయన వెనక చేతిసంచీతో ఒక నలభై ఏళ్ళ మనిషి, చీరకొంగు నడుముకు బిగించి కట్టుకుంది. కూలి మనిషి అనుకున్నాను. అనుకోవడమేమిటి, ఆ నిమిషంలోనే ఆమె కష్టాలు కూడా ఊహించేసుకున్నాను.

"భాయీసాబ్, పని ఎన్నాళ్ళు పడుతుంది?" అని హిందీలో అడిగాను.

"హో జాయేగా."

"ఈ పాత టైల్స్ మీదే కొత్తవి వేసేస్తే కుదరదా?"

ఆయన పక్కకు చూశాడు. కొలతల టేపు రెండో కొస పట్టుకున్న ఆవిడ గడ్డం అటూ ఇటూ ఆడించింది.

"నహీఁ హోగా," అన్నాడాయన.

ఎంత ఆలోచించి మాట్లాడుతున్నాడో అనుకున్నాను.

"పాత నేల మొత్తం తవ్వాలె మేడం. నీళ్ళ వాటమే ఉల్టా ఉన్నది. మూలకు పోవాల్సిన నీళ్ళు తలుపు దిక్కు వస్తున్నయి," అంది ఆవిడ.

"అరే, నువ్వు తెలుగా!" అని ఎగిరి గంతేశాను. ఆమె చెప్పింది మాత్రం బుర్రకెక్కలేదు. "పేరేమిటి? ఊరేది? ఎంతమంది పిల్లలు?" ఇవన్నీ అడిగి, నేల తవ్వాలా వద్దా అన్నది మళ్ళీ ఓంప్రకాష్‌నే అడిగాను. ఆయన్ని 'ఆప్' అన్నాను. ఆమెను 'నువ్వు' అన్నాను. ఆప్యాయత అనుకోండి.

ఆ సాయంత్రం మా వారు టీ తాగుతూ, "కాత్యా, గార్డు పచ్చజెండా ఊపితేనే డ్రైవరు బండి కదిలిస్తాడు. వీళ్ళిద్దరిలో గార్డెవరో చూశావా?" అన్నారు.

"ప్రతిదానికీ మీ రైలేనా?" అని కప్పు తీసుకుని లోపలికొచ్చేశాను. మా వారు రైల్వేలో సిగ్నళ్ళు చూసుకుంటారు. ఇంట్లో ఆయనిచ్చే సిగ్నళ్ళు ఎవరూ చూడరు.

పని మొదలైంది. కారీగర్ అనే తాపీ మేస్త్రీ ఒకడు, స్వరాజ్యం, ఆమెతోపాటు ఇంకొక కూలి మనిషి సుత్తులు పట్టుకున్నారు. ఓంప్రకాష్ వసారాలో ఫోను పట్టుకున్నాడు. ఈ నగరంలో బాత్రూంలు కట్టే ఆడవాళ్ళకు వెళ్ళడానికి బాత్రూం ఉండదు. కడుతున్నదాంట్లో వెళ్ళలేరు, ఉన్నదాంట్లోకి రానివ్వరు, పొద్దుటినుంచీ మంచినీళ్ళు తాగకుండా పనిచేస్తారు. ఇది నేను ఎన్నో సభల్లో చెప్పిన మాట, ఇప్పటికీ నిజమైన మాట. అందుకని మొదటిరోజే మా ఇంట్లో ఉన్న రెండో చిన్న టాయిలెట్ తలుపు తీసి, "ఇది మీదే అనుకోండి" అని ఆ ఇద్దరికీ చెప్పాను. అంతటితో ఆగితే బాగుండేది. వేదిక గ్రూపులో పెడదామని తలుపు దగ్గర నిలబెట్టి ఫొటో తీయబోయాను.

"సండాసు కాడ ఫోటో ఎందుకు మేడం? బయట నిలవడ్తం, మంచిగ తియ్యిండ్రి," అంది స్వరాజ్యం.

మా ఇంట్లో పనివాళ్ళకు వేరే కప్పులుండవు. ఈ విషయం వచ్చినవాళ్ళందరికీ తెలిసేలా చూసుకుంటాను కూడా. నాలుగింటికి అందరికీ ఒకే రకం కప్పుల్లో అల్లం టీ ఇచ్చాను. అంత సమానత్వంలోనూ ఓంప్రకాష్‌కు సోఫా, స్వరాజ్యానికి స్టూలు అన్నది మాత్రం నా ప్రమేయం లేకుండానే తేలిపోయింది. ఆయనకు తెలుగు రాదు కదా అన్న ధైర్యంతో నా పని మొదలుపెట్టాను.

"స్వరాజ్యం, ఈయన నీకెంతిస్తాడు?"

"ఎవరు మేడం?"

"మీ ఠేకేదారు. ఈ కాంట్రాక్టరు."

ఆమె కప్పు మీదుగా ఓంప్రకాష్‌ను ఒకసారి చూసింది. "గాయననా? ఏమియ్యడు."

"ఏమీ ఇవ్వడా!"

"గింతవరకు ఒక్క రూపాయి ఇయ్యలె మేడం. ఒట్టు."

నా రక్తం మరిగింది. "మరి ఎందుకు చేస్తున్నావు పని?"

"జెయ్యకుంటె ఎట్ల? ఆయనకు గూడ పెండ్లాం పిల్లలున్నరు. వాళ్ళు బతకాలె గద."

పక్కనున్న కూలి మనిషి టీ గొంతుకు అడ్డంపడి దగ్గింది. పాపం, ఎన్నాళ్ళ దుఃఖమో అనుకున్నాను నేను.

వెట్టి! ఈ కాలంలో, నా ఇంట్లో, నా టైల్స్ మీద! ఆ రోజు నుంచి టీ సమయమంతా ఆమె జీవితమే. స్వరాజ్యం దాచుకోకుండా చెప్పేది. వాళ్ళ నాన్నది సిరిసిల్ల దిక్కు. మగ్గం పనికని సూరత్ వచ్చి ఖటోదరాలో కుదురుకున్నాడు. ఈమె ఇక్కడే పుట్టింది, చిన్నప్పుడు అమ్మ పక్కన కూర్చుని కండెలు చుట్టింది. మల్లేష్‌తో పెళ్ళి. మల్లేష్ జోల్వాలో మగ్గాలు నడుపుతాడు, అక్కడే ఉండి వారానికోసారి వస్తాడు. కోసాడ్‌లో ఇల్లొచ్చింది. పైనింటి ఎల్లవ్వ బాత్రూం నుంచి వీళ్ళ పొయ్యి మీదికి నీళ్ళు కారేవి.

"ఉడుకుతున్న పప్పుల టపటప పడేటియి మేడం. పప్పు గాదు, పాపం తింటున్నం అనేటోడు మా ఆయన."

ఇంతవరకు చెప్పాక నేను కళ్ళు తుడుచుకునేదాన్ని. దాంతో మిగతా కథ, అంటే ఆమె ఎల్లవ్వ బాత్రూంని తనే తవ్వి బాగుచేసిన భాగం, చెప్పే వీలు ఆమెకు దొరకలేదు. ఆ ఆదివారం వేదిక సభలో నేను "మన సోదరి ఒకామె ఉంది, ఆమెకు కూలి లేదు, ఆమె పప్పులో పడేది మన వ్యవస్థ మురుగు" అని మాట్లాడితే ముందు వరసలో ఇద్దరు ఏడ్చారు. మూడో వరసలో ఉన్న మా వారు మాత్రం నేల చూపులు చూస్తూ కూర్చున్నారు.

మరి ఆమె ఎందుకు చెప్పలేదంటారా? అది వాళ్ళ వ్యాపారంలో పద్ధతి. పని తేలేదాకా ఠేకేదారు మీసమే. నేల పూర్తయి, నీళ్ళ పరీక్ష నెగ్గాక తనే వెళ్ళి గురుమూర్తి గారికి చెప్పుకుందామని ఆమె లెక్క. ఆ లెక్కలో నన్ను కలపడం మరిచిపోయింది.

పగలగొట్టిన మలబాని, అంటే పాత టైల్స్, సిమెంటు పెళ్ళల్ని, బస్తాలకెత్తి మెట్లమీంచి దించాలి. లిఫ్టులో మలబా వద్దని సొసైటీ రూలు. కొత్త టైల్స్ వేయడం అయిపోయి, ఆఖరి బస్తాలు మిగిలిన రోజు కూలి మనిషి రాలేదు, స్వరాజ్యమే ఒక బస్తా భుజానికెత్తుకుంది. సోఫాలో ఓంప్రకాష్, మెట్లమీద స్వరాజ్యం. నేను వెళ్ళి ఇద్దరి మధ్యా నిలబడ్డాను.

"దింపు స్వరాజ్యం. ఓంప్రకాష్ జీ, ఈ బస్తాలు ఆప్ ఉఠాయియే!"

ఓంప్రకాష్ అలవాటుగా పక్కకు చూశాడు. స్వరాజ్యం బస్తా దించి, నడుం మీద చేతులు పెట్టుకుని, నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూసి, కళ్ళతోనే 'ఊఁ' అంది. ఆమెకీ సరదా పుట్టినట్టుంది. దానికామె తర్వాత చాలా బాధపడింది. ఆయన చొక్కా చేతులు మడిచి బస్తా ఎత్తాడు. మొదటి మలుపు దాకా మీసం బిగించే దిగాడు. రెండో మలుపులో "హాయ్ మా" అన్న కేక వినపడింది. నడుం పట్టేసింది. వాచ్‌మనూ మా వారూ చెరో రెక్కా పట్టుకుని రిక్షా ఎక్కించారు. ఆ రాత్రి నేను గ్రూపులో 'చిన్న విజయం' అని పెట్టాను.

పెద్ద విజయం మర్నాడు సాధించాను. గురుమూర్తి గారింటికెళ్ళి, ఆ ఓంప్రకాష్ ఆడమనిషి చేత ఊరికే వెట్టి చేయించుకుంటున్నాడని, వాడికి వింగు పని ఇస్తే గేటు ముందు బైఠాయిస్తానని చెప్పేశాను.

"కూర్చోకండమ్మా, మీకు దణ్ణం పెడతాను," అన్నారాయన కంగారుగా. "స్వీపరు బోనస్ విషయంలో పోయినసారి మీరు కూర్చుంటే పాలవాడు లోపలికి రాలేదు. మీరింత చెబుతున్నారు కాబట్టి వద్దనే అందాం. ఇంకో పెద్ద కాంట్రాక్టరున్నాడు, వాడికే ఖాయం చేసేస్తాను."

మెట్లు రెండేసి చొప్పున ఎక్కి ఇంటికొచ్చాను. కొత్త బాత్రూంలో స్వరాజ్యం బోర్లించిన బకెట్టు మీద కూర్చుని టైల్స్ సందుల్లోకి తెల్ల సిమెంటు అద్దుతోంది. గోడలు చక్కగా తేలాయి. ఆ గుమ్మంలో నిలబడి శుభవార్త చెప్పాను.

"స్వరాజ్యం, నీకింక భయం లేదు. వాడి ఆట కట్టించేశాను."

"ఎవరిది మేడం?"

"మీ ఓంప్రకాష్‌ది. ఈ వింగులో ఒక్క బాత్రూం కూడా వాడికి రాదు. గురుమూర్తి గారితో మాట్లాడే వస్తున్నాను."

ఆమె చెయ్యి ఆగిపోయింది. వేళ్ళ మీది సిమెంటు ఆరిపోతున్నా తుడుచుకోలేదు. నేను కృతజ్ఞత కోసం ఎదురుచూస్తున్నాను.

"మేడం," అంది చివరకు. "ఓంప్రకాష్ ఠేకేదారు గాదు. ఠేకేదార్‌ను నేను. ఆయనకు నేను జీతమిస్త."

"నువ్వా?"

"నేనే."

"మరి... మీ ఆయన?"

ఆ ప్రశ్న నా నోట్లోంచే వచ్చింది. పాతికేళ్ళుగా ఏ ప్రశ్న అడగొద్దని ఊరికి చెబుతున్నానో సరిగ్గా అదే. స్వరాజ్యం బకెట్టు మీంచి లేచింది.

"సూడుండ్రి! మీరు గూడ గదే అడిగిండ్రు. అందరు గదే అడుగుతరు. ఎల్లవ్వ బాత్రూం నేనే తవ్విన. అది చెడగొట్టిన, నిజం జెప్త. రెండోది గూడ చెడిపోయింది. మూడోది నిలవడ్డది. మా క్వార్టర్లల్ల ఇప్పుడు ఎవరింట్ల నీళ్ళు కారినా నన్నే పిలుస్తరు. గని గిటు సొసైటీలకు వస్తె, కొలతలు తీస్కోని రేటు జెప్పంగనె, 'మీ ఆయన్ను తోలమ్మా, మాట్లాడ్తం' అంటరు. ఒకసారి తోలిన. గాయన సిగ్గుపడి, వాళ్ళెంతంటె అంతకు సరే అనుకుంట వచ్చి అన్నం తిని పన్నడు. అప్పుడు ఓంప్రకాష్‌ను వెట్టుకున్న. ఆయన చీరల మార్కెట్ గేటు కాడ ఉండెటోడు. పని రాదు, గని నిలవడ్డడంటె ఇజ్జత్ ఉంటది. హో జాయేగా అంటడు, ఇంటోళ్ళు తిడ్తె తిట్లు తింటడు. గందుకే జీతం."

"నాకేమీ ఇవ్వడన్నావు కదా..."

"ఇయ్యడు. నౌకర్ మాలిక్‌కు ఏమిస్తడు మేడం?"

నేను గోడకు ఆనుకున్నాను. ఆ గోడ ఇంకా పచ్చిగా ఉంది. చీరంతా తెల్ల సిమెంటు.

"గీ వింగు పని నా పేరు మీద తీస్కోవాలనుకున్న. మీ బాత్రూం కాంగనె నేనే వొయ్యి సారుకు చెప్దామనుకున్న. అందుకనే మీకు మంచి మాల్ వెట్టిన, ఇంకొకలకైతె పెట్టకపోదును. మీరేమొ నాకు న్యాయం జెయ్యవొయ్యి నా పనే ఊడగొట్టిండ్రు." ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. తాపీ తీసి బకెట్టులోకి విసిరింది.

"నేనిప్పుడే వెళ్ళి గురుమూర్తి గారితో..."

"ఆగుండ్రి! ఎక్కడికి వోవద్దు."

"పోనీ, వేదిక తరఫున మనం ఒక వినతిపత్రం..."

"మేడం, మీ కాళ్ళు మొక్కుత. నా గురించి మల్ల నోరు తెరవకుండ్రి."

గుమ్మంలోంచి మా వారి గొంతు వినపడింది. "అమ్మా స్వరాజ్యం, ఆ కాళ్ళు మొక్కడం నేనూ ప్రయత్నించాను. పనిచెయ్యలేదు."

"మీకు తెలుసా?" అన్నాను.

"బండి బయల్దేరిన రోజే."

"చెప్పొచ్చుగా!"

"చెప్పానుగా, రైలు భాషలో. ఆ తర్వాత నువ్వు మాట్లాడటం ఆపితేగా చెప్పడానికి."

నేను స్వరాజ్యం వైపు తిరిగి, "స్వరాజ్యం గారూ, మీరు నన్ను..." అని మొదలుపెట్టాను.

"గారు, మీరు అంటె నాకు ఇంక భయమైతుంది మేడం. మల్లేం జేస్తరో అని. నువ్వు అనే అనుండ్రి, గని ఠేకేదార్ అనుకుంట అనుండ్రి." ఆమె మొహం కొంగుతో తుడుచుకుని మా వారితో అంది. "సార్, గురుమూర్తి సారును జర ఆపుండ్రి. ఆ పెద్దాయనకు పని ఖాయం జెయ్యకముందు ఒక్క దినం ఆగమనుండ్రి. నేల మీద నీళ్ళు నిలవెడ్త. కిందికెల్లి ఆయనే సూడాలె. నేను చెప్తె నమ్మడు, మేడం చెప్తె మల్ల వేరే తీరు అయితది. ఆయన ఇంటి కప్పును ఆయన నమ్ముతడు గద."

మా వారు వెళ్ళి ఏం చెప్పారో నాకు తెలియదు, నన్ను తీసుకెళ్ళలేదు. గురుమూర్తి గారు ఒక్కరోజుకు ఒప్పుకున్నారు.

నీళ్ళు పోయే కన్నాన్ని స్వరాజ్యం గుడ్డతోనూ సిమెంటుతోనూ మూసింది. గడప అంచు దాకా నీళ్ళు నింపింది. మా కొత్త బాత్రూం చిన్న చెరువులా తళతళలాడింది. తర్వాత అందరం కిందికి దిగాం. గురుమూర్తి గారి బాత్రూం కప్పు మీద ఏళ్ళనాటి గోధుమరంగు మరక ఒకటి, విస్తరాకంత ఉంది.

"సార్, పని జేసింది నేనే. ఠేకేదార్‌ను నేనే. ఓంప్రకాష్ నా దగ్గర పనిజేస్తడు," అంది స్వరాజ్యం.

గురుమూర్తి గారు ఆమెను చూసి, మా వారివైపు తిరిగి, "నిజమేనాండీ?" అన్నారు. ఆమె చెప్పిన మాట ఆమెదేనని ఇంకొక మగవాడు ధ్రువీకరించాలి! నా నాలుక చివరిదాకా ఒక పేరా వచ్చింది. మింగేశాను. చాలా పెద్ద పేరా.

"ఈ పాత మరక ఎండనీకి ఇంక దినాలు వడ్తది సార్. మరక చుట్టు గీత గీస్త. రేపటికి మరక గీత దాటితె తప్పు నాది."

"నువ్వు గియ్యడమేమిటి? నేను గీస్తాను. ఎన్ని గోడౌన్లకు సీలు వేశానో తెలుసా?" అని ఆయన స్టూలెక్కారు. మెడ వెనక్కి వాల్చి, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, పెన్సిలుతో మరక చుట్టూ గీత గీశారు.

"దస్తకత్ గూడ వెట్టుండ్రి సార్. మల్ల గీ గీత నాది గాదు అనకుంట."

ఆయన ఎక్సైజు రోజులు గుర్తొచ్చినట్టు ఉత్సాహంగా కప్పు మీద సంతకం పెట్టి, తేదీ కూడా వేశారు.

ఆ మర్నాడు ఇంకా టిఫిను కాలేదు, కిందినుంచి కేక. "చుక్క! చుక్క పడింది! నా నెత్తిమీదే పడింది!"

అందరం పరుగెత్తాం. స్వరాజ్యం అప్పుడే గేటు దాటి వస్తోంది, ఆమె కూడా పరుగే. గురుమూర్తి గారు బట్టతల మీద వేలు పెట్టుకుని, ఆ వేలు తీస్తే సాక్ష్యం పోతుందేమోనన్నట్టు నిలబడ్డారు. నాకు ఆగలేదు.

"చూడండి గురుమూర్తి గారూ, కట్టడంలో ప్రతి లోపాన్నీ స్త్రీ మీదకు తోసే ఈ మనస్తత్వమే..."

"మేడం!"

నేను గబుక్కున అక్కడున్న బకెట్టు మీద కూర్చున్నాను. అందులో నీళ్ళున్నాయి. సరే, ఆ సంగతి వదిలేద్దాం.

స్వరాజ్యం స్టూలెక్కింది. కప్పు మీద అరచేయి ఆనించి గీత వెంట మెల్లగా తిప్పింది. అందరం ఆ చేతినే చూస్తున్నాం. మరక గీత లోపలే ఉంది. ఎండింది కూడా కొద్దిగా. ఆమె కిందికి చూసి, పక్కకు చూసి, గీజరు పైపు మలుపు దగ్గర వేలితో తుడిచి చూపించింది. వేలి కొసన నీటిబొట్టు.

"సార్, గిది నాది గాదు. మీ గీజరుది. వేడిగున్నది సూడుండ్రి. పైకెల్లి వచ్చే నీళ్ళు వేడిగ ఎట్లుంటయి?"

గురుమూర్తి గారు వేలు నెత్తిమీంచి తీసి పైపు మీద పెట్టి, చురుక్కుమని లాక్కున్నారు. కాసేపు సంతకం చూసుకున్నారు. తన సంతకమే. కాదనడానికి వీల్లేదు.

"పని మంచిదేనమ్మా," అన్నారు నిదానంగా. "నేనా పెద్ద కాంట్రాక్టరుకు ఇంకా మాటివ్వలేదు. నీకే ఇద్దాం. అయితే కమిటీలో అడుగుతారు. అగ్రిమెంటు మీ ఆయన పేరు మీద రాద్దాం, సరేనా? పని ఎలాగూ నువ్వే చేసుకుంటావు."

నా తడిసిన చీరలోనే నేను లేవబోయాను. మా వారు భుజం మీద చెయ్యి వేసి మళ్ళీ బకెట్టు మీదే కూర్చోబెట్టారు.

"మా ఆయన జోల్వల మగ్గాలు నడుపుతడు సార్. రేపు నీళ్ళు కారితె ఆయనకు ఫోన్ జేస్తరా? ఆ సప్పుడుల ఆయనకు ఫోన్ మోగేదే ఇనపడది."

"పోనీ ఆ ఓంప్రకాష్..."

"ఆయనకు నడుం వట్టింది. మా మేడం దయ."

అందరూ నావైపు చూశారు. నేను గీజరు వైపు చూశాను.

"సార్, ఒక్కటి అడుగుత. కారితె ఎవర్ని తిడ్తరు?"

"ఎవర్ని తిడతామమ్మా, నిన్నే."

"తిట్టేది నన్నయితె పేరు గూడ నాదే రాయుండ్రి."

గురుమూర్తి గారు గడ్డం గోక్కున్నారు. మా వేదిక పుట్టినప్పటినుంచీ మేం అచ్చేసిన కరపత్రాలన్నీ కలిపినా ఆ మాటకు సరిరావు. పైగా ఆయన్ని పట్టుకున్నది న్యాయం కాదు, రూలు. "అంతేలే. బాధ్యత ఎవరిదో సంతకం వాళ్ళదే ఉండాలి. ఎక్సైజులోనూ అంతే. ఇంటిపేరేమిటి?" అన్నారు.

"చిలువేరి."

"చిలువేరి స్వరాజ్యం. రాస్తాను. అయితే ముందు నాదొక్కటే చెయ్యి. గీజరు పైపుతో సహా. కమిటీ వాళ్ళు చూసి, వాళ్ళ ఇళ్ళవి వాళ్ళే నీతో మాట్లాడుకుంటారు."

వింగు మొత్తం కాదు, ఒక్క బాత్రూం. ఆమె ఒక్క క్షణం తటపటాయించి, తలూపింది. నేను నిరాశపడ్డాను. ఆమె పడలేదు, అప్పటికే టేపు తీసి గోడ కొలుస్తోంది.

"మరి ఇది తవ్వితే నేను స్నానం ఎక్కడ చెయ్యాలి?" అన్నారు గురుమూర్తి గారు.

స్వరాజ్యం కొలత తీస్తూనే, వెనక్కి తిరగకుండా అంది. "మేడం ఇంట్ల జెయ్యుండ్రి. కొత్త బాత్రూం. పని ఎట్లున్నదో మీకే తెలుస్తది. మేడం ఏమనదు."

మేడం ఏమీ అనలేదు.

అప్పటినుంచి మా ఇంట్లో తెల్లవారుతూనే గురుమూర్తి గారు. భుజాన తువ్వాలు, చేతిలో ఇత్తడి చెంబు, పెదవుల మీద వేంకటేశ్వరుడు. తలుపు వేసుకున్నారంటే మూల మూలా వాటం పరీక్షిస్తూ, నీళ్ళు ఎటు పోతున్నాయో చూస్తూ, స్తోత్రాలు పూర్తయ్యేదాకా రారు. మా వారు స్టేషన్‌లోనే స్నానం చేసుకుంటున్నారు. నేను సబ్బుపెట్టె పట్టుకుని నా సొంత బాత్రూం బయట వరసలో నిలబడి బ్యాంకుకు ఆలస్యంగా వెళుతున్నాను. బ్యాంకులో అడిగితే ఉద్యమ కారణాలు అని చెబుతున్నాను.

నిన్న అలా నిలబడి ఉండగానే మూడో అంతస్తు ఆయన, రైల్వే గార్డుగా చేసి రిటైరైన ఫణికుమార్ గారు వచ్చారు. "కాత్యాయని గారూ, మా ఇంట్లో కూడా కారుతోందండీ. ఆ ఠేకేదారు ఎక్కడుంటాడో చెబుతారా?"

ఉంటాడు కాదు, ఉంటుంది అని మొదలుపెట్టి అసలు మన సమాజంలో అనేదాకా వచ్చాను. కిందినుంచి పైపుల సందులోంచి సుత్తి చప్పుడు ఆగింది.

"ఎవలది? ఈడ ఉన్న, కిందికి రమ్మనుండ్రి!"

ఆయన నన్ను అక్కడే వదిలేసి మెట్లు దిగారు. లోపల గురుమూర్తి గారు ఇంకో బకెట్టుకు కుళాయి తిప్పారు.